కరీమున్ సీసా

నల్లపాడు స్టేషను దాటాక, రైలుకట్టకు అవతల ఉన్న మిషన్ ఆసుపత్రిలో ల్యాబు గది అన్నిటికంటే చివర ఉండేది. దాని కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర పత్తిచేలు, వాటి నడుమ అక్కడక్కడా మిరపతోటలు. ఎనభై నాలుగో సంవత్సరం నవంబరులో, పత్తి విచ్చుకుంటున్న రోజుల్లో, సముద్రంలో వాయుగుండం పడి ముసురు పట్టుకుంది. చెట్టునున్న పత్తి చెట్టునే తడిసి నల్లబడుతోందని రైతులు తలలు పట్టుకున్నారు. ల్యాబులో జయకుమారి మాత్రం కరెంటు కోసం దిగులుపడుతోంది. కరెంటు పోతే గాజు పళ్లేలను వెచ్చగా ఉంచే పెట్టె చల్లబడుతుంది. పెట్టె చల్లబడితే లోపల పెరగవలసినవి పెరగవు.

పెరగవలసినవంటే సూక్ష్మజీవులు. రోగి ఉమ్మిన కఫాన్ని, జున్నులా గడ్డకట్టిన అగారు మీద పలచగా పూసి వెచ్చగా ఉంచితే, ఆ మనిషి ఊపిరితిత్తుల్లో ఏది కాపురముంటున్నదో మర్నాటికి పళ్లెం మీద కనిపిస్తుంది. ఆ పళ్లేలను చూసి డాక్టరు గారికి చెప్పడమే జయకుమారి ఉద్యోగం. ఆ ఉద్యోగంతోనే తమ్ముణ్ణి పెంచింది. తల్లి పోయేనాటికి యేసుపాదం ఇంకా పలక పట్టలేదు.

ఆ తమ్ముడి పళ్లెమే ఇప్పుడు ఆమె ముందు ఉంది. పచ్చగా, నిగనిగలాడుతూ, మగ్గిన ద్రాక్షపళ్ల వాసన వేస్తూ ఉంది.

చిన్నప్పుడు వచ్చిన కోరింత దగ్గు యేసుపాదం ఊపిరి గొట్టాలను సంచుల్లా సాగదీసి వదిలిపెట్టింది. పెద్దయ్యాక గుంటూరు మిర్చి కొట్లలో టిక్కీలు తొక్కే పనికి, అంటే గోనెబస్తాల్లో ఎండుమిరపకాయలు కూరి తొక్కే పనికి వెళ్లాడు. ఆ ఘాటు కమ్మిన గొట్టాల్లో ఈ పచ్చ క్రిమి చేరి జిగురు గూడు కట్టుకుంది. జెంటామైసిన్ సూదులు మొదట్లో పనిచేశాయి. తరవాత సగం పనిచేశాయి. ఇప్పుడు పని చేయడం మానేశాయి.

కరీమున్‌ది కూడా ఇదే జబ్బు. జిన్నింగ్ మిల్లులో దూది నుసి మింగుతూ బతికిన మనిషి. ఆ వేసవంతా ఆడవాళ్ల వార్డులో, తలుపు పక్క మంచం మీద ఉంది. ఆమెకు ఒక అలవాటు ఉండేది. దగ్గు వచ్చేముందు మంచం ఇనుప కడ్డీ మీద వెండి ఉంగరంతో టక్... టక్... అని కొట్టేది. పక్క మంచాలవాళ్లు అన్నం గిన్నెల మీద మూతలు పెట్టుకునేవారు.

"ఇంటికొచ్చే చుట్టమైనా తలుపు తట్టే కదమ్మా వస్తాడు. దీనికి ఆ మాత్రం మర్యాద నేర్పొద్దూ?" అని పళ్లు లేని పెదవులు లోపలికి మడిచి నవ్వేది.

రోజూ పొద్దున్నే కఫం సీసాల కోసం వచ్చే జయకుమారిని "సీసాలమ్మాయ్" అని పిలిచేది. ఆ పేరుతో ఆమెను ఇంకెవరూ పిలవలేదు. ఒకనాడు ఆమె చెయ్యి పట్టుకుని అంది: "మట్టంటే నాకు భయం లేదు సీసాలమ్మాయ్. అందులో ఒక్కదాన్నే పడుండాలంటేనే భయం."

వేసవి చివర్లో ఆమె పోయింది. రోగి పోయిన రోజే వారి సీసాలూ పళ్లేలూ ఆవిరి బాయిలరులో వేసి చంపెయ్యాలన్నది ల్యాబు నియమం. జయకుమారి అన్నీ వేసింది, ఒక్కటి తప్ప. కరీమున్ పళ్లెం మీద, ఆ పచ్చటి పొర నిండా, చిమటలు కొట్టిన పట్టుచీర మీద లాగా సన్నని గుండ్రని చిల్లులు ఉన్నాయి. అటువంటిది ఆమె ఎన్నడూ చూడలేదు. చిటికెడు తీసి చిన్న సీసాలో నాటి, ఫ్రిజ్‌లో వెనక వరసన దాచింది. ఆ సీసా మూత తీస్తే ద్రాక్షపళ్ల వాసన రాదు. వాడిన మల్లెపూల వాసన వస్తుంది. అది కరీమున్ క్రిమికి మాత్రమే ఉన్న వాసన.

ఖననమైన కొన్నాళ్లకు కరీమున్ చెల్లెలు అమీర్‌బీ ల్యాబు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మా అక్కది ఇంకేదైనా మీ దగ్గర ఉండిపోయిందా అమ్మా? కోసింది గానీ, తీసింది గానీ... మా ఇళ్లల్లో మనిషిది ఏ కొంచెం బయట మిగిలినా దాన్నీ మట్టిలో పెట్టేస్తాం. అంతా ఒకచోట ఉండాలి."

"ఏమీ లేదండి," అంది జయకుమారి.

అబద్ధమాడుతున్నానని ఆమెకు అనిపించలేదు. క్రిమి మనిషి ఎలా అవుతుంది?

*

ముసురు మొదలైన మర్నాడు డాక్టర్ సుబ్బరావమ్మ గారు యేసుపాదాన్ని ఇంటికి తీసుకువెళ్లమన్నారు. అటువంటి మాటకు అర్థం ఏమిటో ఆసుపత్రిలో పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. జయకుమారి ఏడవలేదు. ఫ్రిజ్ తెరిచి, కరీమున్ సీసా తెచ్చి డాక్టరు గారి బల్ల మీద పెట్టింది.

"దీని పళ్లెంలో చిల్లులు పడ్డాయండీ. ఏదో దీన్ని తినేస్తోంది. అదే మా తమ్ముడి క్రిమినీ తింటుందేమో..."

సుబ్బరావమ్మ గారు సీసాను దగ్గరికి లాక్కుని చూశారు. "అది వైరస్, జయా. మనిషిని పట్టిన క్రిమిని పట్టిన క్రిమి. వాటిలో రెండు రకాలు. ఒకటి చంపుతుంది. రెండోది చంపదు. లోపలికి వెళ్లి ఆ క్రిమి వంశంలో కలిసిపోతుంది. తరతరాలూ మాట్లాడకుండా పడి ఉంటుంది. ఎప్పుడో లేచి ఇంకో ఇల్లు వెతుక్కుంటుంది. వెళ్తూ వెళ్తూ పాత ఇంటి సామాను కొంత మోసుకుపోతుంది."

"సామానంటే ఏమిటండీ?"

"గుణాలు. ఒకదాని జిగురు, ఒకదాని విషం, ఒకదాని మొండితనం. ఇంకా ఏమేం మోస్తుందో పూర్తిగా ఎవరికీ తెలియదు."

"ఏ రకమో ఎలా తెలుస్తుందండీ?"

"చిల్లు పడ్డాక ఇంకో రోజు వెచ్చగా ఉంచి చూడాలి. తేటగానే ఉండిపోతే చంపే రకం. నడిమధ్య మళ్లీ మసక కమ్మితే, కాపురానికొచ్చిన రకం." ఆవిడ సీసాను వెనక్కి జరిపారు. "నీ మనసు నాకు తెలుసు. కానీ ఇది మందు కాదు, జయా. దీన్ని బాయిలరులో వెయ్యి."

జయకుమారి వెయ్యలేదు. ఆ సీసాలోని క్రిమిని మాంసపు రసంలో పెంచి, ఏ సూక్ష్మజీవీ దూరలేని వడపోతలో వడగట్టింది. క్రిములన్నీ పైన ఆగిపోయాయి. కిందికి దిగినది నీళ్లలా తేటగా ఉంది. అందులో ఒక్క చుక్క తమ్ముడి పళ్లెం మీద వేసి వెచ్చగా ఉంచింది. మర్నాడు చూస్తే చుక్క పడినచోట పచ్చదనం లేదు. అద్దంలా శుభ్రంగా ఉంది. ఆమె ఆ పళ్లేన్ని వెలుతురుకేసి పట్టుకుని, ప్రభువా అని గట్టిగా పైకే అంది.

ఇంకో రోజు ఆగాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ మధ్యాహ్నమే లైను తెగి కరెంటు పోయింది. పెట్టె చల్లబడింది. ఇంటికి వెళ్లి చూస్తే యేసుపాదం పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగి ఉన్నాయి.

*

ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లో వాళ్లది రేకుల కప్పు ఇల్లు. నాలుగింటికే దీపాలు పెట్టవలసినంత చీకటి కమ్మింది. వాన రేకుల మీద ఒకే తీరున పడుతోంది. యేసుపాదం మంచం మీద దిండ్లకు ఆనుకుని, ఊపిరిని తాడు పట్టి తోడుకున్నట్టు తోడుకుంటున్నాడు.

"ఏంటక్కా, మొహం అలా పెట్టావ్? డాక్టరమ్మ నన్ను పరలోకానికి డిశ్చార్జి చేసిందా?"

"నోరు ముయ్యరా."

"మూస్తే ఊపిరాడదు." నవ్వబోయి దగ్గాడు. దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుని అన్నాడు: "నా సైకిలు నాగూర్ వలికి ఇచ్చెయ్. బెల్లు మాత్రం ఊడదీసుకో. వెధవ, ఊరంతా మోగిస్తాడు."

ఆమె అతని పక్కన కూర్చుంది. "ఒక మందు ఉందిరా. మందో, కాదో కూడా నాకు తెలియదు."

"ఎవరైనా తీసుకుని బతికారా?"

"ఇంతవరకూ ఎవరూ తీసుకోలేదు."

"అయితే దానివల్ల ఎవరూ చావలేదన్న మాటేగా." అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి నవ్వలేదు. "ఇవ్వక్కా. నాకు చావాలని లేదు. ఏదైనా సరే, ఇచ్చెయ్."

మందును మంచులా చిమ్మే గాజు గొట్టాన్ని ఆమె వార్డు నుంచి తెచ్చింది. ఆ తేట నీళ్లు అందులో పోసి, రబ్బరు బుడ్డిని మెల్లగా నొక్కింది. లాంతరు వెలుగులో సన్నని తెల్లటి తుంపర పైకి లేచింది. యేసుపాదం నోరు తెరిచి దాన్ని పీల్చుకున్నాడు. అయిపోయేదాకా పీల్చుకున్నాడు. ఆపైన కళ్లు మూసుకుని పడుకున్నాడు.

వాన కురుస్తూనే ఉంది. ఎక్కడో గూడ్సు బండి కట్ట మీద నెమ్మదిగా పోతోంది. జయకుమారి మోకాళ్ల మీద ప్రార్థన చేసి లేచి, తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసింది. చెమట పట్టింది. జ్వరం దిగుతోంది. పెదవుల నలుపు విరుగుతోంది. గురక లేదు. పిల్లికూత లేదు. అన్ని నెలల తరవాత మొదటిసారిగా అతని ఛాతీ మామూలు మనిషి ఛాతీలా లేచి పడుతోంది. ఆమె దుప్పటి అంచును నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చింది.

అప్పుడు ఆమెకు వాసన తగిలింది.

వాడిన మల్లెపూలు.

ఇంట్లో పూలు లేవు. నవంబరులో మల్లెపూలు ఎక్కడివి? ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడ తడిమట్టి వాసన తప్ప ఏమీ లేదు. తలుపు దగ్గరా లేదు. వెనక్కి తిరిగి మంచం దగ్గరికి వచ్చింది. వంగింది. తమ్ముడి ఊపిరి ఆమె ముఖానికి తగిలింది... తియ్యగా, వెచ్చగా, వాడిన మల్లెపూలు.

టక్... టక్...

మంచం పట్టె మీద అతని చూపుడు వేలు కదిలింది. వెనువెంటనే చిన్న దగ్గు వచ్చింది. అతను నిద్రలోనే ఉన్నాడు. ఆడవాళ్ల వార్డులో అతను ఏనాడూ అడుగుపెట్టలేదు. కరీమున్ ఎవరో అతనికి తెలియదు.

కలలో ఏదో... అనుకుంది జయకుమారి. లాంతరు వత్తి పెంచింది.

టక్... టక్...

దగ్గు.

"ఒరేయ్... యేసుపాదం..."

అతని కళ్లు తెరుచుకోలేదు. పెదవులు మాత్రం కదిలాయి. గొంతు అతనిదే. అందులోని మాట అతనిది కాదు.

"సీసాలమ్మాయ్..."

ఆమె లాంతరును అతని ముఖం దగ్గరికి తెచ్చింది. గోడ మీద మంచం నీడ లేచి, పడింది.

"మా అమీర్ వచ్చి అడిగిందంట కదా... ఏమీ లేదన్నావంట."

"తమ్ముడూ... కళ్లు తెరువురా... నీకు దణ్ణం పెడతాను..."

"మంచి పని చేశావు సీసాలమ్మాయ్." ఆ పెదవుల మీద చిరునవ్వు వచ్చింది. పళ్లు లేని ముసలివాళ్లు నవ్వినట్టు, పెదవులు లోపలికి మడుచుకుని. "మట్టిలో చల్లగా ఉంది. ఇక్కడ వెచ్చగా ఉంది. ఒక్కదాన్నే కాను..."

"కరీమున్ గారూ." ఆమె నేల మీద కూలబడి మంచం కోడు పట్టుకుంది. "వాడొక్కడే నాకు. వాణ్ణి వదిలెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

చాలాసేపు వాన చప్పుడొక్కటే వినిపించింది. ఆ తరవాత మంచం పట్టె మీద నెమ్మదిగా, నిద్రపోతున్న బిడ్డను జోకొట్టినంత నెమ్మదిగా...

టక్... టక్...

*

తెల్లవారకముందే ఆమె ల్యాబు ఫ్రిజ్‌లోంచి కరీమున్ సీసాను తీసి కొంగులో కట్టుకుని, గొడుగు కూడా లేకుండా, అమీర్‌బీ ఇంటికి పరుగెత్తింది. అమీర్‌బీ పొయ్యి ముందు తడి కట్టెలతో కుస్తీ పడుతోంది. జయకుమారి మాటలు సగంలో ఉండగానే ఆమె లేచి, సీసాను రెండు చేతులతో తీసుకుంది.

"ఇదా మా అక్క?"

"ఆవిడ ఊపిరితిత్తుల్లోది. అప్పుడు నేను... అది మనిషి కింద లెక్క కాదనుకున్నానండి."

అమీర్‌బీ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది జయకుమారికి. ఆమె సీసాను చెంపకు ఆనించుకుని, భర్త ఇమాం హుస్సేన్‌ను లేపింది. పెట్టెలోంచి కొత్త తెల్లగుడ్డ తీసి సీసాను చుట్టింది. ఇమాం హుస్సేన్ పలుగు భుజాన వేసుకుని, గుడ్డ మూటను ఛాతీకి హత్తుకుని వానలో ముందు నడిచాడు. ఆడవాళ్లిద్దరూ ఖబరస్తాన్ గోడ బయటే ఆగిపోయారు. పలుగు మట్టిలో దిగిన చప్పుడు గోడ అవతలి నుంచి మెత్తగా వినిపించింది.

"ఇప్పుడు చెప్పమ్మా." అమీర్‌బీ గోడ కేసే చూస్తూ అడిగింది. "ఇదేనా అంతా? ఇంకెక్కడైనా ఉంటే ఇప్పుడే చెప్పు. గుంట ఇంకా పూడ్చలేదు. అక్కడ కొంత, ఇక్కడ కొంత ఉంటే మనిషికి నిద్ర ఉండదు. ఎక్కడున్నా తెచ్చి, దీంతో కలిపే పెట్టాలి."

జయకుమారి కళ్ల ముందు తమ్ముడి ఛాతీ లేచి పడింది. మామూలు మనిషి ఛాతీలా.

తెచ్చి, దీంతో కలిపే పెట్టాలి...

"ఇంకెక్కడా లేదండి," అంది.

అమీర్‌బీ ఆమె ముఖంలోకి చూసింది. చూసి, తల ఊపి, గోడ మీదుగా కేక వేసింది. "పూడ్చెయ్యి."

*

ఇంటికి వచ్చేసరికి యేసుపాదం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తనే పొయ్యి వెలిగించి రాత్రి అన్నం వెచ్చబెట్టుకుని, మాగాయ ముక్కతో తింటున్నాడు.

"ఎక్కడికి పోయావక్కా, తడిసి ముద్దయ్యావు? ఈ దెబ్బకి నాగూర్ వలికి సైకిలు లేనట్టే. వాడికి ముందే చెప్పెయ్, ఆశలు పెట్టుకోగలడు."

ఆమె అతని తల పట్టుకుని వాసన చూసింది. మాగాయ వాసన, పొగ వాసన. మరేమీ లేదు. ఆ తల తన పొట్టకు ఆనించుకుని చాలాసేపు నిలబడింది.

కరెంటు మర్నాటి సాయంత్రం వచ్చింది. ఆ మరుసటి పొద్దున్నే ఆమె ల్యాబుకు వెళ్లేసరికి డాక్టర్ సుబ్బరావమ్మ గారు వెచ్చటి పెట్టె ముందు నిలబడి ఉన్నారు. ఆవిడ చేతిలో యేసుపాదం పళ్లెం ఉంది. అద్దంలా తేటగా ఉండిన చుక్క నడిమధ్య, మంచు కమ్మినట్టు పలచని మసక.

"చూశావా? ఇది చంపలేదు, జయా. చేరింది." ఆవిడ పళ్లెం దించి ఆమె కళ్లలోకి చూశారు. "దీన్ని ఎక్కడా వాడలేదు కదా?"

"లేదండి."

ముసురు విడిచి ఎండ వచ్చిందని కాబోలు, ఆసుపత్రి వెనక ఏదో కోడి కూసింది.

యేసుపాదం రోజురోజుకూ కోలుకున్నాడు. దగ్గు పోయింది. కఫం పోయింది. ఎక్సురేను కిటికీకి పెట్టి చూసి సుబ్బరావమ్మ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. మంచం పట్టె మీద ఆ చప్పుడు మళ్లీ వినిపించలేదు. అంతా సీసాతోపాటే పోయిందని జయకుమారి నమ్మింది. నమ్మకపోతే నిద్ర పట్టదు.

క్రిస్మస్ ముందు ఆదివారం ఆసుపత్రి చర్చిలో యేసుపాదం సాక్ష్యం చెప్పడానికి లేచాడు. చర్చి నిండా జనం. నర్సులు, వార్డు ఆయాలు, బాగైన రోగులు, పత్తి తీతకు వచ్చిన కూలీలు, చంకల్లో పిల్లలు. తలుపులు మూసి ఉన్నాయి. అంతమంది ఊపిరితో గది వెచ్చగా ఉంది. జయకుమారి ఆడవాళ్ల వైపు వెనక బెంచీలో కూర్చుంది. ఇస్త్రీ చొక్కాలో తమ్ముడు పెళ్లికొడుకులా ఉన్నాడని మురిసిపోయింది.

అతను గొంతు సవరించుకున్నాడు. బల్ల మీద చూపుడు వేలితో తట్టాడు.

టక్... టక్...

దగ్గు రాలేదు. అతను మాట్లాడటం మొదలుపెట్టాడు.

"చచ్చిపోతాననుకున్నాను. ఒక్కణ్ణే పోవాలని భయపడ్డాను. ఇప్పుడా భయం లేదు..."

ముందు బెంచీలో ఎవరో చెక్క మీద తట్టారు. టక్... టక్... ఆయా సుబ్బులు కాబోలు. ఆ తరవాత మగవాళ్ల వైపు నుంచి. ఆ తరవాత గోడ పక్కన, తల్లి ఒళ్లో కూర్చున్న చిన్నపిల్ల, చిట్టి పిడికిలితో, తల్లి గాజుల మీద...

ఎవరూ దగ్గలేదు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అందరూ యేసుపాదం మాటలే శ్రద్ధగా వింటున్నారు. మూసిన ఆ గదిలో ఎక్కడినుంచో, చాలా సన్నగా, వాడిన మల్లెపూల వాసన వస్తోంది.

జయకుమారి గొంతులో చిన్న గరగర మొదలైంది.

ఆమె ఊపిరి బిగబట్టింది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కొంగుతో కట్టేసినట్టు గట్టిగా చుట్టుకుంది. కొంగు లోపల ఆమె చూపుడు వేలు, బెంచీ చెక్క కోసం మెల్లగా తడుముకుంటోంది.